ఉల్కలవలన భూమికి అపాయమున్నదా?

1954వ సంవత్సరము నవంబరు 30వ తేదీ. అమెరికాలోని అలబామా రాష్ట్రమున సిలకాగా అను చిన్న పట్టణము. మధ్యాహ్నవేళ ఒక గృహిణి తన యింటి ముందుగదిలో సోఫామీద దుప్పటి కప్పుకొని కునుకు తీయుచుండెను. ఇంతలో ఇంటికప్పును చీల్చుకొని సుమారు నాలుగు కిలోల బరువుగల నల్లని రాయి యొకటి గదిలో పడెను. అది మొదట తగిలినది రేడియోకు. పెద్ద కొయ్యపెట్టెలో అమర్చిన ఆ రేడియోకు కొట్టుకొని, పైకెగిరి, నిద్రించుచున్న ఆమె తుంటికి తగిలెను. పెద్ద కమిలిన గాయము తప్ప ప్రాణాపాయమేమియు కలుగలేదు. ఆకాశమునుండి మాటలను అందుకొను పెట్టెకు ఆకాశమునుండి రాయి యందినది. ఉల్కాశిల మనిషికి తగిలినట్లు నిస్సందేహముగా నమోదైన సంఘటనలలో ఇది మిక్కిలి ప్రసిద్ధమైనది.

రేడియో గల యింటివారు ఈ కథ విని నవ్వుకొనవచ్చును. కాని నవ్వు తరువాత ఒక ప్రశ్న మిగులును. నాలుగు కిలోల రాయి పడగలిగినప్పుడు నాలుగువేల టన్నుల రాయి పడరాదా? పడినచో ఒక గ్రామము పోవునా, ఒక దేశము పోవునా, భూమిమీద ప్రాణికోటియే నశించునా? ఏదో యొక గ్రహశకలము మనవైపు వచ్చుచున్నదని ప్రతియేటను వార్తలు వెలువడుచున్నవి. పిల్లలు భయపడి అడుగుదురు. పెద్దలు విసుగుపడి కొట్టివేయుదురు. భయమును విసుగును రెంటిని ప్రక్కన నుంచి, లెక్క యేమి చెప్పుచున్నదో ఈ ప్రసంగములో చూతము.

చుక్క తెగిపడినప్పుడు ఎవరో పుణ్యాత్ములు కాలము చేసిరని మన పల్లెలలో పెద్దలు చెప్పుకొనుట మన మెరిగినదే. ఈ భావము చాల పాతది. 6వ శతాబ్దమునాటి వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఉల్కలకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము కేటాయించెను. స్వర్గమున పుణ్యఫలమును అనుభవించి ముగించి క్రిందికి జారువారి రూపములే ఉల్కలని అందు చెప్పి, వానిని ధిష్ణ్యము, ఉల్క, అశని, విద్యుత్తు, తార అని ఐదు విధములుగా విభజించెను. కారణము మాట యెట్లున్నను, ఆకాశమును శ్రద్ధగా చూచి, చూచినదానిని వర్గీకరించిన బుద్ధి అందు కనబడుచున్నది.

ఐరోపాలో 18వ శతాబ్దపు పండితులు అనేకులు ఆకాశమునుండి రాళ్లు పడుననుటయే పామరుల భ్రమ యనిరి. ఈ రాళ్లు భూమికి వెలుపలినుండి వచ్చుచున్నవని 1794లో క్లాడ్నీ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు ఒక పుస్తకము వ్రాయగా పలువురు పరిహసించిరి. 1803 ఏప్రిల్ 26వ తేదీన ఫ్రాన్సులో లెగ్ల్ అను పట్టణమువద్ద పట్టపగలు సుమారు మూడువేల రాళ్లు కురిసెను. విచారణకై ప్రభుత్వము పంపిన బియో అను భౌతికశాస్త్రజ్ఞుడు ఊరూర తిరిగి, రాళ్లను ప్రోగుచేసి, చూచినవారి మాటలు వ్రాసికొని, పామరులు చెప్పినదే నిజమని నివేదించెను. మన తెలుగునాటను ఇట్టి రాళ్లు పడినవి. 1852లో నెల్లూరు మండలమున యాటూరువద్ద ఒక ఉల్కాశిలయు, 1870లో ఉత్తరాంధ్రమున నెడగొల్లవద్ద ఇనుముతో కూడిన ఉల్కయొకటియు పడినట్లు ప్రపంచ ఉల్కాశిలల పట్టికలో నమోదైయున్నది.

ఇక ఈ రాళ్లు ఎక్కడివి? సూర్యుని చుట్టు గ్రహములతోపాటు లెక్కకు మిక్కిలియైన రాళ్లును, ధూళియు తిరుగుచున్నవి. గ్రహములు ఏర్పడినప్పుడు మిగిలిపోయిన సామగ్రి కొంత, పెద్ద శకలములు ఒకదానితో నొకటి ఢీకొనగా రాలిన ముక్కలు కొన్ని, తోకచుక్కలు తమ దారిపొడవున విడిచిన దుమ్ము కొంత. కుజునికిని గురునికిని నడుమ గ్రహశకలముల పెద్ద మండలము కలదు. అందలి మొదటి దానిని, సెరెస్ అనుదానిని, ఇటలీ దేశస్థుడైన పియాట్సీ 1801 జనవరి 1వ తేదీన కనుగొనెను. ఆ మండలములోని శకలములు కొన్ని గురుగ్రహముయొక్క ఆకర్షణవలన దారితప్పి భూమి కక్ష్యకు చేరువగా వచ్చును. మనకు సంబంధించినవి ఇవియే.

ఇట్టి శకలము సెకనుకు 11 మొదలు 72 కిలోమీటర్ల వేగముతో వాతావరణములో ప్రవేశించును. అంత వేగమున అది తన ముందున్న గాలిని నొక్కివేయగా ఆ గాలి భగ్గున వేడెక్కును. ఆ వేడికి రాయి కరగి ఆవిరియగును. మనము రాత్రివేళ చూచు రాలుచుక్కలలో అధికభాగము ఇసుక రేణువంతవి, లేదా బఠాణి గింజంతవి. అవి 100 కిలోమీటర్ల ఎత్తు ప్రాంతముననే మండిపోవును. రోజుకు పదులకొలది టన్నుల పదార్థము ఈ విధముగా భూమిమీదికి చేరుచున్నది. అందు అధికభాగము కంటికి కనబడని ధూళి. మీ డాబామీది దుమ్ములో కూడ నక్షత్రలోకపు రేణువు ఒకటి యుండవచ్చును. కావున రాలుచుక్కలను చూచి భయపడ నక్కరలేదు. ఆగస్టు రెండవ వారమునను, డిసెంబరు మధ్యభాగమునను ఆకాశము నిర్మలముగా నున్నచో గంటకు పదులకొలది రాలుచుక్కలను చూడవచ్చును. మన గాలికప్పు తన కాపలా పని చేయుచున్నదనుటకు అవి సాక్ష్యములు.

అయినచో అపాయము ఎక్కడ మొదలగును? ఇది గ్రహించుటకు గోదావరి ఇసుకతిన్నెమీద నిలిచి చూచినట్లు ఊహించుకొనుడు. ఇసుక రేణువులు లెక్కకు అందవు. గులకరాళ్లు అంతకంటె తక్కువ. చేతితో ఎత్తలేని బండలు అక్కడక్కడ. ఏనుగంత బండ ఏ మైలుదూరముననో ఒకటి. అంతరిక్షములోని రాళ్లును ఇదే న్యాయమును అనుసరించును: చిన్నవి మిక్కిలి యెక్కువ, పెద్దవి మిక్కిలి తక్కువ. దీనికి తోడు మరియొక లెక్క కలదు. రాయి వ్యాసము రెట్టింపైనచో దాని బరువు ఎనిమిది రెట్లగును; పది రెట్లైనచో బరువు వేయి రెట్లగును. కావున పరిమాణములో కొద్ది తేడాయే ఫలితములో పెద్ద తేడా యగును. మన అపాయముయొక్క రహస్యమంతయు ఈ రెండు లెక్కలలో నున్నది. ఒక్కొక్క మెట్టే యెక్కి చూతము.

మొదటి మెట్టు, 20 మీటర్ల రాయి. ఇట్టిది నూరేండ్లకు ఒకటి రెండు పర్యాయములు వచ్చును. 2013 ఫిబ్రవరి 15వ తేదీ ఉదయమున రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరముమీద ఇది జరిగినది. సుమారు 30 కిలోమీటర్ల ఎత్తున ఆ రాయి పగిలిపోయెను. సూర్యునికంటె మిన్నగా వెలుగు మెరసెను. ఏమి వెలుగో చూతమని జనులు కిటికీలవద్దకు పరుగెత్తిరి. వెలుగు క్షణములో వచ్చును గాని, పేలుడు గాలి ధ్వనివేగమున నడచి వచ్చుటకు నిమిషములు పట్టును. వారు అద్దముల ముందు నిలిచి చూచుచుండగా ఆ గాలి తాకిడికి వేలకొలది భవనముల అద్దములు పగిలిపోయెను. సుమారు 1,500 మంది గాయపడిరి. ఎక్కువ మందికి గాయములు చేసినది రాయి కాదు, అద్దపు పెంకులు. ఒక పాఠశాలలో మాత్రము ఉపాధ్యాయురాలు ఒకామె, కారణము తెలియకున్నను, వెలుగు చూచినంతనే పిల్లలను బల్లల క్రింద దూరుడని ఆజ్ఞాపించెను. పిల్లలందరు క్షేమముగా నుండిరి. నిలిచియున్న ఆమెకు గాజుపెంకులు గ్రుచ్చుకొనెను. ఈ చిన్న సంఘటనలో గృహస్థులందరికి పనికివచ్చు పాఠము కలదు. చివర దానిని మరల చెప్పుదును.

రెండవ మెట్టు, సుమారు 50 మీటర్ల రాయి. 1908 జూన్ 30వ తేదీ ఉదయమున సైబీరియా అడవులలో తుంగుస్కా నది ప్రాంతమున ఇట్టిది ఆకాశముననే ప్రేలెను. రెండువేల చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవిలో కోట్లకొలది చెట్లు నేల వ్రాలెను. ఆ చోటు నిర్జనప్రాయమగుటవలన ప్రాణనష్టము స్వల్పము. అది యెంత మారుమూల యనగా కులిక్ అను శాస్త్రజ్ఞుడు 1927లో మాత్రమే అక్కడికి చేరగలిగెను. పందొమ్మిదేండ్లు గడచినను, నడుమ భాగమున చెట్లు కొమ్మలు విరిగి స్తంభములవలె నిలువుగా నుండెను; వాని చుట్టు చెట్లన్నియు చక్రపు ఆకులవలె వెలుపలివైపునకు పడియుండెను. ఇదే పేలుడు ఒక మహానగరముపైన జరిగినచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. ఇట్టిది కొన్ని శతాబ్దములకు, లేదా వేయేండ్లకు ఒకసారి సంభవించునని అంచనా. ఇదే పరిమాణముగల రాయి ఇనుముతో చేయబడినదైనచో గాలిలో ప్రేలక నేలను తాకును. అమెరికాలోని అరిజోనా ఎడారిలో 50 వేల సంవత్సరముల క్రిందట అట్టి ఇనుపరాయి 1.2 కిలోమీటర్ల వెడల్పుగల గొయ్యిని త్రవ్వినది. మన దేశమున మహారాష్ట్రలోని లోణార్ సరస్సు కూడ ఉల్కాపాతమువలననే ఏర్పడినది. దాని వెడల్పు సుమారు 1.8 కిలోమీటర్లు.

మూడవ మెట్టు, ఒక కిలోమీటరు రాయి. ఇది సుమారు అయిదు లక్షల సంవత్సరములకు ఒకసారి. దీని దుమ్ము ఆకాశమున వ్యాపించి సూర్యరశ్మిని తగ్గించి ప్రపంచమంతట పంటలను చెరచగలదు. మనుష్యజాతి అంతరింపదు గాని, నాగరికతకు గొప్ప పరీక్ష యగును.

నాలుగవ మెట్టు, పది కిలోమీటర్ల రాయి. ఇది సుమారు పదికోట్ల సంవత్సరములకు ఒకసారి. 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట ఇట్టిది మెక్సికోలోని యూకటాన్ తీరమును తాకెను. ఆ గొయ్యి వెడల్పు సుమారు 180 కిలోమీటర్లు. చిక్సులూబ్ అను పేరుగల ఆ గొయ్యి నేడు భూమి పొరల క్రింద పూడియున్నది. దానికంటె ముందు దొరికినది దాని సాక్ష్యము. ఇటలీలోని గుబ్బియో పట్టణమువద్ద కొండరాతి పొరల నడుమ వ్రేలి మందముగల బంకమట్టి పొరలో, భూమిపై మిక్కిలి అరుదుగను, గ్రహశకలములలో హెచ్చుగను ఉండు ఇరిడియమ్ అను లోహము విశేషముగా నున్నట్లు లూయి అల్వరేజ్, వాల్టర్ అల్వరేజ్ అను తండ్రికొడుకులు తమ సహచరులతో కలిసి 1980లో ప్రకటించిరి. తరువాత ప్రపంచమున అనేకచోట్ల అదే కాలపు పొరలో అదే లోహము దొరికినది. 1991లో గొయ్యి కూడ ఇది యని తేలెను. పక్షులు తప్ప డైనోసారులన్నియు, మొత్తముమీద జీవజాతులలో మూడువంతులును ఆ కాలసంధిలో నశించినవి.

ఈ కథకు మన గోదావరీతీరమున ఒక అధ్యాయము కలదు. ఆ కాలముననే పశ్చిమ కనుమల ప్రాంతమున భూమి చీలి లావా ప్రవాహములు పొంగి దక్కను పీఠభూమి నల్లరాతి పొరలుగా పేరుకొనెను. ఆ ప్రవాహములలో కొన్ని సుమారు వేయి కిలోమీటర్లు నడచి రాజమహేంద్రవరమువరకు వచ్చినవి. రాజమహేంద్రవరము చెంతను, నదికి ఆవలనున్న పంగిడిలోను రాతిగనులలో మనవారు రోడ్లకు కొట్టుచున్న నల్లకంకర ఆ లావాయే. ఆ లావాపొరల నడుమ సముద్రపు గవ్వలతో కూడిన పలుచని పొర యుండుటను భూగర్భశాస్త్రజ్ఞులు పరిశీలించిరి. అందు, ఆ మహావినాశము జరిగిన వెంటనే సముద్రమున మిగిలిన సూక్ష్మజీవుల శిలాజములు దొరికినవి. జీవజాతుల నాశనమునకు ఉల్కపాటు ఎంతవరకు కారణము, దక్కను అగ్నిపర్వతముల విషవాయువులు ఎంతవరకు కారణము అను చర్చలో ఈ గోదావరి రాళ్లు సాక్షులుగా నిలిచినవి. ఉల్కాపాతమే ప్రధాన కారణమని నేడు ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయము. మన పాదముల క్రింది కంకరరాయి కూడ ఈ ప్రశ్నకు సంబంధించినదే యని మాత్రము గుర్తుంచుకొనవలెను.

ఇట్లు నిజమైన అపాయములు ఉండగా, జనులు భయపడినవి మాత్రము తరచుగా వేరు. 1910 మే నెలలో హేలీ తోకచుక్క తోకగుండ భూమి వెళ్లునని తెలిసి, ఆ తోకలో విషవాయువు కలదని విని, పాశ్చాత్య దేశములలో కొందరు తలుపుల సందులు మూసికొనిరి. కొందరు వ్యాపారులు తోకచుక్క మాత్రలను అమ్ముకొనిరి. తోకలోని వాయువు మిక్కిలి పలుచనిదగుటచే ఎవరికి తుమ్మైన రాలేదు. 1962 ఫిబ్రవరి మొదటి వారమున మకరరాశియందు అష్టగ్రహకూటమి సంభవించినప్పుడు ప్రళయము వచ్చునని మన దేశమంతట యజ్ఞములు, శాంతులు జరిగినవి. గ్రహములన్నియు ఒకవైపున చేరినను భూమిమీద వాని ఆటుపోటు శక్తి చంద్రుని శక్తిలో పదివేలవ వంతైనను కాదు. 1979 జూలై 11వ తేదీన అమెరికావారి స్కైలాబ్ పడిపోవుచున్నదని మన పల్లెలలో ఎందరు నిద్రలేక గడిపిరో పెద్దలకు ఇప్పటికిని జ్ఞాపకము. అది హిందూమహాసముద్రమునను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను ముక్కలై పడినది. ఎవరికిని గాయము కాలేదు. అబద్ధపు హెచ్చరికలు ఇన్ని విన్న చెవులకు నిజమైన హెచ్చరిక యెక్కకపోవుట సహజము. పుకార్లవలన కలుగు అసలు కీడు ఇదియే.

రాళ్లు తప్ప ఆకాశమునుండి మరి యే ఆపదలును లేవా యని కొందరు అడుగవచ్చును. కలవు. ఒక పెద్ద నక్షత్రము తన జీవితాంతమున ప్రేలిపోవుటను సూపర్‌నోవా అందురు. అది 30 మొదలు 50 కాంతిసంవత్సరముల లోపున జరిగినచో మన వాతావరణములోని ఓజోనుపొర చెడి జీవులకు హాని కలుగవచ్చును. కాని అంత దగ్గరలో ప్రేలుటకు సిద్ధముగా నున్న నక్షత్రము ఏదియు లేదు. మన ఆర్ద్రా నక్షత్రము ఏనాడో ఒకనాడు ప్రేలక తప్పదు. అది కొన్ని వందల కాంతిసంవత్సరముల దూరమున నుండుటచే మనకు కనువిందే గాని కీడు కాదు. ఇరువది ముప్పది లక్షల సంవత్సరముల క్రిందట ప్రేలిన ఒక నక్షత్రపు ఇనుపధూళి పసిఫిక్ సముద్రగర్భపు పెంకులో 1999లో దొరికినది. ఆ ధూళి కురిసినప్పుడు మన పూర్వజాతులవారు ఆఫ్రికాలో తిరుగుచునే యుండిరి.

మన సూర్యుని విషయము రేడియో శ్రోతలకు మరింత దగ్గరిది. షార్ట్‌వేవ్ కేంద్రములు ఒక్కొక్కప్పుడు పట్టపగలు అకస్మాత్తుగా మాయమగుట మీలో పలువురు గమనించియే యుందురు. సూర్యునిపై మంటలు లేచినప్పుడు వచ్చు ఎక్స్ కిరణములు మన పైవాతావరణములోని విద్యుత్ పొరలను కలతపరచుటయే దీనికి తరచు కారణము. 1859 సెప్టెంబరులో సూర్యునినుండి వచ్చిన తుఫాను తంతితీగలలో నిప్పురవ్వలు రాల్చినది. 1989 మార్చి 13వ తేదీన కెనడాలోని క్విబెక్ రాష్ట్రమున 60 లక్షల మందికి తొమ్మిది గంటలపాటు విద్యుచ్ఛక్తి లేకపోయెను. ఈ తుఫానులు ప్రాణికోటికి అపాయము కావు. భూమియొక్క అయస్కాంత కవచమును, గాలికప్పును మనలను కాపాడును. విద్యుత్తుమీదను, ఉపగ్రహములమీదను ఆధారపడిన మన జీవనవిధానమునకు మాత్రము అపాయమే. సూర్యుని కనిపెట్టియుండుటకై మన శ్రీహరికోటనుండి 2023 సెప్టెంబరు 2వ తేదీన ఆదిత్య-ఎల్1 బయలుదేరి, 2024 జనవరి 6వ తేదీన భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున తన స్థానమును చేరినది.

మరల రాళ్లకథకు వత్తము. భూకంపమును ముందుగా చెప్పలేము. తుఫానును చెప్పగలము గాని మరలింపలేము. గ్రహశకలమును ముందుగా చెప్పను వచ్చును, మరలింపను వచ్చును. ప్రకృతి వైపరీత్యములలో ఇట్టిది ఇదియొక్కటే. కాని మొదట దానిని చూడవలెను. చూచుట యనగా రాత్రివెంట రాత్రి ఆకాశమును ఛాయాచిత్రములు తీసి, నక్షత్రముల నడుమ కదలు చుక్కను పట్టుకొని, దాని కక్ష్యను గణించుట. ఇట్టి ఓపికతో కూడిన పనికి మన ప్రాంతము క్రొత్త కాదు. ప్రపంచ వేధశాలలు కలిసి తలపెట్టిన నక్షత్రపట్టిక నిర్మాణములో హైదరాబాదు నిజామియా వేధశాల పాలుపంచుకొన్నది. ఆ వేధశాల నీడలో పెరిగిన వైనూ బప్పు 1949లో అమెరికాలో చదువుకొనుచు, సహచరులతో ఒక తోకచుక్కను కనుగొనెను. అది నేటికిని బప్పు, బాక్, న్యూకర్క్ పేర్లతో ప్రసిద్ధము.

ఒక కిలోమీటరునకు మించిన శకలములలో నూటికి తొంబదిని పదియేండ్లలో కనుగొనవలెనని 1998లో అమెరికావారు పూనుకొనిరి. నేడు నూటికి తొంబదియైదుకు పైగా తెలిసినవి. వానిలో ఏదియు రాబోవు నూరేండ్లలో మనలను ఢీకొనదు. ఇది గొప్ప ఊరట. 140 మీటర్లకు మించినవి సుమారు 25 వేలుండునని అంచనా. ఇందు సగమైనను ఇంకను కనబడలేదు. ఒక్కొక్కటి ఒక రాష్ట్రమును పాడుచేయగలదు. అంతకంటె చిన్నవానిలో తెలిసినవి మరియు తక్కువ. సూర్యుని దిక్కునుండి వచ్చువానిని నేలమీది దుర్భిణులు చూడలేవు. చెల్యాబిన్స్క్ రాయి అట్లే వచ్చినది. మరియొకవైపు 2008 అక్టోబరులో సుమారు నాలుగు మీటర్ల రాయిని ఒకదినము కూడ గడువు లేకుండ కనుగొనియు, అది సూడాన్ ఎడారిలో పడునని సరిగా చెప్పగలిగిరి. తరువాత అక్కడ దాని ముక్కలు దొరికినవి. చిలీలోని రూబిన్ వేధశాల 2025లో తన మొదటి చిత్రములను వెలువరించినది. దానివలన ఈ లెక్క త్వరితముగా పెరుగునని ఆశ.

కనుగొన్న తరువాత వచ్చు వార్తలను ఎట్లు అర్థము చేసికొనవలెను? 2024 డిసెంబరు 27వ తేదీన సుమారు 60 మీటర్ల శకలమొకటి కనబడినది. 2032 డిసెంబరు 22వ తేదీన అది భూమిని తాకుటకు నూటికి ఒక వంతు అవకాశమున్నదనిరి. 2025 ఫిబ్రవరిలో అది నూటికి మూడు వంతులు దాటినది. అది పడదగిన దారిలో దక్షిణాసియా కూడ చేరియుండుటచే మన పత్రికలలో కలకలము కలిగెను. కొద్దిదినములలోనే అవకాశము దాదాపు సున్నకు దిగెను. శాస్త్రజ్ఞులు మాట మార్చిరని కొందరు హేళన చేసిరి. మాట మారలేదు, లెక్క సాగినది. ఒక ఆవు తప్పిపోయినదనుకొనుడు. అది నూరు ఎకరములలో ఎక్కడనో కలదు. అందు మన చేను ఒక ఎకరము. వెదకి అరువది ఎకరములలో లేదని తేల్చినచో, మిగిలిన నలుబదిలో మన చేను ఉన్నందున, ఆవు మన చేనిలో నుండు అవకాశము పెరిగినట్లే. ఇంకను వెదకగా చివరకు ఆవు ప్రక్కయూరిలో కనబడును. అవకాశము ఒక్కసారిగా సున్నయగును. గ్రహశకలముల వార్తలలో మొదట అంకె పెరిగి పిదప పడిపోవుట సాధారణమైన నడక.

ఒకవేళ ఆవు నిజముగ మన చేనిలోనే యున్నచో? దానికిని ప్రయోగము జరిగినది. 2022 సెప్టెంబరు 26వ తేదీన డార్ట్ అను అమెరికా నౌక, భూమికి సుమారు 1 కోటి 10 లక్షల కిలోమీటర్ల దూరమున, 160 మీటర్ల డైమార్ఫోస్ అను శకలమును సెకనుకు ఆరు కిలోమీటర్ల వేగముతో కావలెనని ఢీకొట్టెను. ఆ శకలము తన పెద్ద జోడు చుట్టు తిరుగుటకు పట్టు 11 గంటల 55 నిమిషముల కాలము అరగంటకు పైగా తగ్గినది. మానవుడు ఒక ఆకాశగోళపు నడకను మార్చుట ఇదియే మొదలు. ఎంత మార్చవలెనను ప్రశ్నకు జవాబు గడువులో నున్నది. సెకనుకు ఒక్క సెంటీమీటరు వేగము మార్చినను పదియేండ్లలో ఆ తేడా మూడువేల కిలోమీటర్లు దాటును. పదియేండ్ల ముందు కనుగొన్నచో చిన్న త్రోపు చాలును. పది దినముల ముందు కనుగొన్నచో ఎంత త్రోసినను చాలదు. కావున మన రక్షణ ఆయుధములలోకంటె ఆకాశమును ఓపికగా లెక్కించువారి కన్నులలో నున్నది. ఆ పనికి వెచ్చించు ధనము వృథాయని యెవరైన అన్నప్పుడు ఈ మాట గుర్తునకు తెచ్చుకొనవలెను.

గృహస్థులు గుర్తుంచుకొనదగిన మాటలు రెండు. ఆకాశమున సూర్యునివంటి వెలుగు అకస్మాత్తుగా మెరసినచో కిటికీవద్దకు పోవలదు. అద్దములకు దూరముగా జరిగి, పిల్లలను బల్లక్రిందనో గోడమూలనో కూర్చుండబెట్టి, కొన్ని నిమిషములు ఆగుడు. రెండవది, భూమి అంతమగునను వార్త వినబడినచో, శకలము ఎంత పెద్దది, అవకాశము నూటికి ఎంత, ఈ అంకెలు చెప్పినది ఏ వేధశాల యని అడుగుడు. ఈ మూటికి జవాబు లేని వార్త వార్త కాదు.

2029 ఏప్రిల్ 13వ తేదీన, మన గడియారము ప్రకారము 14వ తేదీ తెల్లవారుజామున, సుమారు 350 మీటర్ల అపోఫిస్ అను శకలము భూమికి 32 వేల కిలోమీటర్ల దూరమున దాటిపోవును. 2004లో దీనిని కనుగొన్నప్పుడు ఢీకొను అవకాశము నూటికి రెండు వంతులు మించినది. నూరేండ్లవరకు అపాయము లేదని 2021లో తేలినది. ఆఫ్రికా, ఐరోపా ప్రాంతములవారికి అది దుర్భిణి లేకయే నెమ్మదిగా కదలు చుక్కవలె కనబడును. ఆనాటికి మన యిండ్లలో ప్రళయపు పుకారు మరల పుట్టకపోదు. అప్పుడు ఈ లెక్కను మీ పిల్లలకు చెప్పుడు. దాని దారిని పావు శతాబ్దము ముందునుండి గణించి ఉంచినవారు కలరని కూడ చెప్పుడు.